ఖాళీ జాగా

యూరోపా యూనివర్సాలిస్ 4 అనే గేమ్ మీద నేను ఇప్పటికి దాదాపు తొమ్మిది వందల గంటలు ఖర్చు పెట్టాను. స్టీమ్ ఆ లెక్క చూపిస్తూనే ఉంటుంది కాబట్టి తగ్గించి చెప్పడానికి కుదరదు. ఇంట్లో అడిగితే మాత్రం "అప్పుడప్పుడూ ఆడతా" అంటాను.

ఈ రకం గేములు అలవాటు లేనివాళ్ళ కోసం నాలుగు మాటలు. ప్రపంచ పటం వేల ముక్కలుగా, అంటే ప్రావిన్సులుగా, మీ ముందు ఉంటుంది. తేదీ 1444 నవంబర్ 11. ఒక్కో రాజ్యానికి ఒక్కో రంగు. ఒక రాజ్యాన్ని ఎంచుకుని, యుద్ధాలు, పెళ్ళిళ్ళు, అప్పులు, పన్నులు అన్నీ చూసుకుంటూ 1821 దాకా నడపాలి. గెలవడం అంటూ ప్రత్యేకంగా ఏమీ లేదు. పటం మీద మీ రంగు పెరుగుతూ ఉంటే బాగా ఆడుతున్నట్టు, అంతే.

నేను ఎక్కువసార్లు ఆడింది జపాన్. ఒక చిన్న దైమ్యోతో మొదలుపెట్టి, మిగతా దైమ్యోలని ఒక్కొక్కర్నీ లొంగదీసుకుని, దేశం మొత్తాన్ని ఒకే రంగులోకి తేవడం. అది అయ్యాక అసలు సమస్య మొదలవుతుంది: ఇప్పుడు ఎటు పోవాలి? పడమర కొరియా ఉంది, దాని వెనక కొండలాగా మింగ్ చైనా. తూర్పున సముద్రం. మిగిలింది ఉత్తరం. ఉత్తరాన ఒక పెద్ద దీవి, అక్కడ ఐనూ అని ఒక చిన్న రాజ్యం. ఇంకా పైకి, సఖాలిన్ దీవి వైపు, కమ్చాత్కా వైపు పోతే ఏ రంగూ లేని బూడిదరంగు ముక్కలు.

ఐనూ రాజ్యం ఒక్క యుద్ధానికి సరిపోతుంది. ఫోన్లో పాట ఒకటి అయిపోయేలోపు నేను దాన్ని ముగించిన రోజులున్నాయి. ఆ తర్వాత బూడిదరంగు ముక్కల మీదికి వలసదారులని పంపాలి. అంకె నెమ్మదిగా పెరుగుతుంది. వెయ్యికి చేరగానే ఆ ముక్క పూర్తిగా మీ ప్రావిన్సుగా మారిపోతుంది. మధ్యలో 'నేటివ్స్' తిరగబడవచ్చు. దానికి మూడు విధానాలు ఉంటాయి: సహజీవనం, వ్యాపారం, అణచివేత. సహజీవనం అంటే తిరుగుబాట్లు ఉండవు. వ్యాపారం అంటే తిరుగుబాట్లు తగ్గుతాయి, స్థానికులు మీలో కలవడం పెరుగుతుంది. అణచివేత అంటే వలసలు వేగంగా సాగుతాయి. నేను ఎప్పుడూ మూడోదే నొక్కాను. త్వరగా అవుతుందని, అంతకుమించి వేరే కారణం లేదు. సైన్యాన్ని అక్కడ నిలబెడితే 'నేటివ్స్ మీద దాడి' అని ఇంకో బటన్ కూడా వస్తుంది. అది నొక్కితే జనాభా అంకె సున్నా అవుతుంది, ఇక గొడవ ఉండదు. అదీ నొక్కాను. ఒకసారి కాదు.

ఆడుతున్నప్పుడు ఇందులో ఏ ఇబ్బందీ అనిపించలేదని ఒప్పుకోవాలి. బూడిదరంగు అంటే ఖాళీ జాగా. ఖాళీ జాగాలోకి మనుషులు వెళ్తారు. అందులో ఆలోచించడానికి ఏముంది?

*

ఇంజినీర్లకి ఒక దురలవాటు ఉంటుంది. ఏదైనా నచ్చితే దాన్ని విప్పి చూస్తాం. ఈ గేమ్‌ది విప్పడం తేలిక, దాని చరిత్రంతా మామూలు టెక్స్ట్ ఫైళ్ళలో ఉంటుంది. ఒక్కో ప్రావిన్సుకి ఒక్కో ఫైల్. ఒక రాత్రి వేరే ఏదో మార్చుకోవడానికి ఆ ఫోల్డర్ తెరిచి, ఊరికే బూడిదరంగు ముక్కల్లో ఒకదాని ఫైల్ చూశాను.

ఖాళీగా ఉంటుందనుకున్నాను. లేదు. సంస్కృతి అని ఒక లైన్, మతం అని ఒక లైన్, అక్కడ దొరికే సరుకు అని ఒక లైన్. ఆ కింద ఇంకో మూడు: నేటివ్ సైజ్, నేటివ్ ఫెరాసిటీ, నేటివ్ హోస్టైల్‌నెస్. ఎంతమంది, ఎంత క్రూరంగా కొడతారు, ఎంత త్వరగా తిరగబడతారు. మూడూ అంకెలే. మిగతా ప్రావిన్సుల ఫైళ్ళలో పైనే కనబడే లైన్ ఒకటి మాత్రం ఇందులో లేదు. అది 'ఓనర్'.

నా మొదటి ఉద్యోగంలో ఒక సీనియర్ ఉండేవాడు. పాత డేటాబేస్‌లోంచి కొత్తదాంట్లోకి కస్టమర్ల వివరాలు మార్చే పని మాది. నేను ఒక కాలమ్‌లో విలువ లేనిచోటల్లా సున్నా పెట్టేశాను. ఆయన పిలిచి, "విలువ లేకపోవడం వేరు, విలువ సున్నా అవడం వేరు. ఆ కాలమ్ ఎవరు, ఎందుకు నింపలేదో కనుక్కోకుండా చెయ్యి పెట్టకు" అన్నాడు. అప్పట్లో చాదస్తం అనుకున్నాను. ఆ ఫైల్ ముందు కూర్చున్నప్పుడు ఆ మాట గుర్తొచ్చింది. ఇక్కడ మనుషులున్నారని గేమ్‌కి తెలుసు. వాళ్ళ భాష, దేవుళ్ళు, సంఖ్య అన్నీ రాసే ఉన్నాయి. నేల ఖాళీగా లేదు, ఓనర్ గడి మాత్రమే ఖాళీగా ఉంది. ఆ ఒక్క గడిని చూసి పటం మొత్తం ముక్కకి బూడిద పూసేసింది. నేను పటాన్ని నమ్మాను.

*

ఆ తర్వాత కొంతకాలానికి ఆఫీసు పని మీద టోక్యోలో కొన్ని నెలలు ఉండాల్సి వచ్చింది. అక్టోబర్‌లో మూడు రోజులు కలిసొస్తే సప్పొరో వెళ్ళాను. మిగతా వాళ్ళు బీరు కోసం, ఎండ్రకాయల కోసం వెళ్తారు. నేను అక్కడినుంచి రైలెక్కి గంటకు పైగా ప్రయాణం చేసి షిరఓయి అనే చిన్న ఊళ్ళో దిగాను. 2020 జులైలో ఆ ఊళ్ళో పొరొతో చెరువు పక్కన 'ఉపొపొయ్' అనే ప్రాంగణం తెరిచారు. జాతీయ ఐనూ మ్యూజియం అందులోనే ఉంది. ఐనూ భాషలో ఉపొపొయ్ అంటే అందరూ కలిసి పాడటం.

రైలు దారిలోనే ఒక సంగతి తెలిసింది. ఈ దీవిలో ఊళ్ళ పేర్లలో చాలావాటికి చివర 'బెత్సు' అనో 'నయ్' అనో ఉంటుంది. నొబొరిబెత్సు, వక్కనయ్, ఇలాగ. రెండూ ఐనూ మాటల నుంచి వచ్చినవే: ఒకటి నది, ఒకటి వాగు. సప్పొరో పేరు కూడా ఐనూ భాషదే. మాట పలకడం మారింది, పైన చైనా లిపి అక్షరాలు తగిలించారు, కానీ నీళ్ళ పేర్లు నీళ్ళ దగ్గరే ఉండిపోయాయి.

మ్యూజియంలో బోర్డుల మీద మొదటి భాష ఐనూ. తర్వాతే జపనీస్, ఇంగ్లిష్. గది విభాగాలకి పెట్టిన పేర్లు ఇంకా విచిత్రం: మా భాష, మా లోకం, మా జీవనం, మా చరిత్ర, మా పనులు, మా రాకపోకలు. జాతీయ మ్యూజియాల్లో నేను ఎప్పుడూ చూసేది 'వీరు', 'ఈ తెగవారు' అన్న వరస. ఇక్కడ వివరణలన్నీ 'మేము' అని మాట్లాడుతున్నాయి. ఇంగ్లిష్‌లో అది 'అవర్' అని ఉంది. తెలుగువాడిని కదా, 'మన' అనుకోవాలా 'మా' అనుకోవాలా అని నా బుర్ర ఆగింది. ఐనూ భాషలో కూడా మనకి లాగే ఈ తేడా ఉందని తర్వాత తెలిసింది: ఎదుటివాడిని కలుపుకునే మనం వేరు, కలుపుకోని మేము వేరు. ఆ గదిలో నిలబడ్డ నేను మాత్రం ఖచ్చితంగా 'మేము'కి అవతలివాణ్ణే.

ఎల్మ్ చెట్టు బెరడు నారతో నేసిన బట్టలు, దేవతలకి అర్పించే కర్రపుల్లల కుచ్చులు, పడవలు, సాల్మన్ చేపలు పట్టే కొక్కేలు. ఒక్కోదాని ముందు నిలబడుతుంటే, నేటివ్ సైజ్ అనే లైన్ పక్కన నేను చూసిన అంకె కళ్ళ ముందు తిరుగుతూనే ఉంది.

*

తిరిగొచ్చాక చదవడం మొదలుపెట్టాను. బ్రెట్ వాకర్ అనే చరిత్రకారుడు 2001లో తెచ్చిన 'ద కాంక్వెస్ట్ ఆఫ్ ఐనూ ల్యాండ్స్' అందులో ముఖ్యమైనది. పేరులో 'కాంక్వెస్ట్' ఉంది కదా, యుద్ధాలు, ముట్టడులు ఉంటాయనుకున్నాను. ఉన్నాయి, కానీ పుస్తకం మనసంతా చేపల మీద, జింకల మీద, బియ్యం బస్తాల మీద, మశూచి మీద ఉంది.

గేమ్ మొదలయ్యే తేదీకి పదమూడేళ్ళ తర్వాత, 1457లో, కొషమైన్ అనే ఐనూ నాయకుడు దీవి దక్షిణ అంచున ఉన్న జపనీస్ కోటల మీద పడ్డాడు. పన్నెండు చిన్న కోటల్లో పది కూలిపోయాయి. గొడవ మొదలైంది ముందు ఏడాది, ఒక చాకు దగ్గర. ఐనూ కుర్రాడొకడు కమ్మరి దగ్గర చాకు చేయించుకున్నాడు, దాని ధర మీద, నాణ్యత మీద మాటామాటా పెరిగింది, కమ్మరి అదే చాకుతో కుర్రాణ్ణి పొడిచి చంపాడు. కొషమైన్‌ని చంపిన తకెదా నొబుహిరో కకిజకి కుటుంబంలో చేరాడు. ఆ వంశమే తర్వాత మత్సుమయే అని పేరు మార్చుకుంది. 1604లో తొకుగావా ఇయెయసు వాళ్ళకి ఒక పత్రం ఇచ్చాడు: వాళ్ళ అనుమతి లేకుండా ఇంకెవరూ ఐనూలతో వ్యాపారం చేయకూడదు. అదే పత్రంలో ఐనూలు ఎక్కడికి పోవాలన్నా వాళ్ళ ఇష్టం అని కూడా రాసి ఉంది. ఆ రెండో మాటని మత్సుమయేలు ఎంత గౌరవించారో ముందుకు పోతే తెలుస్తుంది.

ఇక్కడ ఇంకో గేమ్ సంగతి చెప్పాలి. 2011లో వచ్చిన టోటల్ వార్: షోగన్ 2. అందులో డబ్బు పేరు 'కొకు'. ఒక మనిషికి ఏడాదికి సరిపోయే బియ్యం అని దాని లెక్క. జపాన్‌లో నిజంగానే దైమ్యోల హోదాని కొకుల్లోనే కొలిచేవారు. ఆ గేమ్ పటం ప్రధాన దీవి ఉత్తర కొసన ఆగిపోతుంది. అవతలి దీవి అసలు లేదు. మొదట్లో ఇది బద్ధకం అనుకున్నాను. ఇప్పుడు చూస్తే ఆ లెక్కలో ఆ దీవి ఇమడదు. మత్సుమయే నేలలో అప్పటికి వరి పండేది కాదు. వాళ్ళ హోదాకి కొకు లెక్కే లేదు, చాలాకాలం తర్వాత మాటవరసకి 10,000 కొకుల స్థాయి కట్టబెట్టారు. తమ కింది సామురాయ్‌లకి జీతంగా బియ్యం ఇవ్వలేక, ఐనూ తీరం వెంట వ్యాపారపు రేవులు పంచిపెట్టారు. ఫలానా నదీముఖం నీది, అక్కడి ఐనూలతో బేరం నీది. నేల కాదు, బేరాన్ని పంచుకున్నారు.

అలా పంచుకున్నాక ఏమవుతుంది? ఒకప్పుడు ఐనూలు తమ పడవల మీద ప్రధాన దీవికి పోయి నచ్చినవాడితో బేరమాడేవారు. ఇప్పుడు తమ రేవుకి వచ్చే ఒక్క పడవతోనే. ఒకే కొనుగోలుదారుడు ఉన్నచోట రేటు ఎవరు నిర్ణయిస్తారో మన రైతులకి చెప్పక్కర్లేదు. నూరు ఎండు సాల్మన్లకి రెండు 'తో'ల బియ్యం, అంటే దాదాపు 36 లీటర్లు, వచ్చే బస్తా మెల్లగా కుదించుకుపోయి ఏడెనిమిది 'షో'లకి, అంటే 13, 14 లీటర్లకి దిగింది. చేపల లెక్క మాత్రం నూరే. పైగా బంగారం తవ్వేవాళ్ళు నదుల్ని కలచడం, జింకలు తగ్గడం, వేటనేలల కోసం ఐనూల్లోనే గొడవలు. షకుషైన్ అనే నాయకుడి వర్గానికీ ఓనిబిషి వర్గానికీ అలాంటి పగే ఉండేది. ఓనిబిషి చనిపోయాక అతని వర్గం మత్సుమయేలని సాయమడగడానికి పంపిన దూత తిరుగుదారిలో మశూచితో పోయాడు. విషం పెట్టారని పుకారు పాకింది. 1669లో షకుషైన్ చాలా ఐనూ వర్గాల్ని కూడగట్టి తిరగబడ్డాడు. అదే ఏడాది సంధి విందు అని పిలిచి, తాగించి, అక్కడే చంపేశారు.

ఇదంతా జరుగుతుండగా పటం ఎలా ఉంది? దాదాపు కదల్లేదు. దక్షిణ కొసన చిన్న మత్సుమయే, మిగతాదంతా 'ఎజో' అని పిలిచే ఐనూ నేల. రంగు మారకుండానే బస్తా చిన్నదైంది. పద్దెనిమిదో శతాబ్దానికి రేవులు వ్యాపారుల కాంట్రాక్టుల్లోకి పోయాయి. వ్యాపారం చేసుకునే ఐనూలు అదే తీరంలో హెర్రింగ్ చేపల్ని ఉడికించి ఎరువు చేసే కూలీలయ్యారు. ఆ ఎరువు దక్షిణాన పత్తి చేలకి పోయేది. 1789లో కునషిర్, మెనషి ప్రాంతాల్లో ఇంకోసారి తిరగబడ్డారు. 37 మందికి మరణశిక్ష వేశారు.

నా తొమ్మిది వందల గంటల ఆటలో ఇలా ఎవరినీ జయించలేదు. జయించడం అంటే సైన్యం పంపి రంగు మార్చడమే నాకు తెలుసు. రంగు మారకముందే ఒక జనం ఓడిపోయి ఉండవచ్చని ఏ గేమూ నేర్పలేదు.

*

2012లో షోగన్ 2కి కొనసాగింపుగా 'ఫాల్ ఆఫ్ ద సామురాయ్' వచ్చింది. 1868లో మొదలైన బొషిన్ యుద్ధం నేపథ్యం. రైళ్ళు, గ్యాట్లింగ్ తుపాకులు, ఇనుప ఓడలు. ఈసారి పటంలో ఎజో కూడా చేరింది. కొంతదూరం ఆడాక చక్రవర్తి పక్షమా, షోగన్ పక్షమా తేల్చుకోమంటుంది. లేదంటే రెండూ కాదని స్వతంత్ర రిపబ్లిక్ ప్రకటించుకోవచ్చు. నాకు ఇష్టమైనది ఆ మూడోదే. అది ఊరికే పుట్టిన ఊహ కాదు. ఓడిపోయిన షోగన్ నౌకాదళాన్ని తీసుకుని ఎనోమొతో తకెఅకి హకొదతే చేరాడు, నక్షత్రం ఆకారంలో ఉన్న గొర్యొకకు కోటలో నిలబడ్డాడు, అతని అధికారులు ఓట్లు వేసి అతన్ని నాయకుడిగా ఎన్నుకున్నారు. ఎజో రిపబ్లిక్ అంటారు దాన్ని. 1869 జూన్‌లో లొంగిపోయింది.

కథగా ఎంత బాగుంటుందో చూడండి. ఓడిపోతామని తెలిసీ నిలబడ్డ చివరి సామురాయ్‌లు, అందులోనూ ఎన్నికలు! నేను ఆ రిపబ్లిక్‌ని గెలిపించి పొంగిపోయాను. కానీ ఎవరి నేల మీద రిపబ్లిక్? ఆ ఓట్లలో ఐనూ ఓటు ఒక్కటీ లేదు. నేను ఆడినంతలో గేమ్‌లోనూ వాళ్ళు కనబడలేదు.

ఎనోమొతో కథ అక్కడితో ఆగలేదు. జైల్లో ఉండి, 1872లో క్షమాభిక్ష పొంది, తనని ఓడించిన ప్రభుత్వంలోనే హొక్కైదో అభివృద్ధి శాఖలో చేరాడు. తర్వాత రాయబారిగా రష్యా వెళ్ళి 1875లో సెంట్ పీటర్స్‌బర్గ్ ఒప్పందం మీద సంతకం పెట్టాడు. సఖాలిన్ రష్యాకి, కురిల్ దీవులన్నీ జపాన్‌కి. గేమ్‌లో ఇలాంటివి నేను వందసార్లు చేసి ఉంటాను. ప్రావిన్స్ ఇచ్చి ప్రావిన్స్ తీసుకోవడం, రంగులు తారుమారు, జనం ఎక్కడివాళ్ళు అక్కడే. నిజంగా జరిగింది అది కాదు. సఖాలిన్ దక్షిణాన ఉన్న ఎనిమిది వందల మందికి పైగా ఐనూలని హొక్కైదోకి తరలించారు, చివరికి సముద్రానికి దూరంగా, సప్పొరో దగ్గర త్సుయిషికరిలో పెట్టారు. 1886, 87 ప్రాంతాల్లో కలరా, మశూచి వచ్చి వాళ్ళలో చాలామంది చనిపోయారు. 1884లో ఉత్తర కురిల్ దీవుల నుంచి 97 మందిని షికొతన్ దీవికి తెచ్చారు. ఆ 97 మందితో ఆ దీవుల ఐనూ జీవనం దాదాపు ముగిసిపోయింది.

నా ఆటలో పెద్ద వీరుడు సంతకం పెట్టిన కాగితం అది. గొర్యొకకు ముట్టడి గేమ్ అయింది. త్సుయిషికరి కాలేదు.

*

ఇక ఓనర్ గడి దగ్గరికి వస్తాను. 1869లో కొత్త ప్రభుత్వం ఎజోకి హొక్కైదో అని పేరు పెట్టింది. ఆ పేరుకి మూలమైన సూచన ఇచ్చినవాడు మత్సుఉరా తకెషిరో. ఆ దీవంతా ఐనూ దారిచూపరులతో కాలినడకన తిరిగి పటాలు గీసినవాడు, ఐనూలకి జరిగిన అన్యాయాల్ని రాసినవాడు. ఆయన సూచన తీసుకున్నారు, మిగతాది వదిలేశారు. కొత్త భూమి నిబంధనలు వచ్చాయి. 1877లో భూమి పట్టాల చట్టం ఐనూలు నివసించే నేలని కూడా ప్రభుత్వ భూమి కింద వేసింది. పట్టా లేదు కాబట్టి ఓనర్ లేడు, ఓనర్ లేడు కాబట్టి సర్కారుది. బాణాలకి విషం పూయకూడదన్నారు, నదుల్లో సాల్మన్ పట్టకూడదన్నారు. 1899లో వచ్చిన 'రక్షణ చట్టం' ఐనూలని 'మాజీ ఆదివాసులు' అని పిలుస్తూ, వ్యవసాయం చేస్తామంటే కుటుంబానికి ఐదు హెక్టార్ల దాకా ఇస్తామంది. పదిహేనేళ్ళలో సాగు చేయకపోతే వెనక్కి తీసుకుంటామంది. వాళ్ళ నేలనే వాళ్ళకి షరతుల మీద ఇవ్వడం. ఆ చట్టం 1997 దాకా పుస్తకాల్లో ఉంది. ఐనూలు ఆదివాసీ ప్రజలని చట్టంలో రాసింది 2019లో.

కాబట్టి గేమ్ తయారుచేసిన స్వీడన్ వాళ్ళు ఆ ఫైల్లో ఓనర్ లైన్ తీసేసి కొత్త అబద్ధమేమీ కనిపెట్టలేదు. 1877 నాటి గుమాస్తా రాసిన రికార్డునే వాళ్ళు 1444లోకి తీసుకెళ్ళి పెట్టారు. గెలిచినవాడి దస్తావేజుని డేటా అనుకోవడం మా వృత్తిలో రోజూ జరిగేదే.

మరి పరిష్కారం ఏమిటి? అందరికీ ఒక జెండా, ఒక రంగు ఇచ్చేస్తే సరిపోతుందా? దీవి మీద ఐనూ రాజ్యం ఉంది కదా అని ఒకసారి నేను ఐనూలతోనే ఆడాను. నాలుగైదుసార్లు చచ్చి, చివరికి ఒక దైమ్యోని పడగొట్టి, నూటయాభై ఏళ్ళలో క్యోతో దాకా ఐనూ రంగు పాకించాను. భలే తృప్తిగా అనిపించింది. తర్వాత ఆలోచిస్తే, అందులో ఐనూ ఏముంది? పేరొక్కటే. చేసిందంతా తొకుగావాల పనే. 2018లో సివిలైజేషన్ 6లో క్రీ జాతి నాయకుడు పౌండ్‌మేకర్‌ని చేర్చినప్పుడు కెనడాలోని ఆ సమాజం నాయకుడొకరు ఇదే అభ్యంతరం చెప్పారు: ఇతరుల్ని జయించడం అనే వలసవాదుల విలువని మా వాళ్ళకి అంటగడుతున్నారని. అంతకుముందు సివిలైజేషన్ 5కి ప్యూబ్లో ప్రజల్ని తీసుకోబోతే వాళ్ళ పెద్దలు వద్దన్నారు, కంపెనీ మానుకుంది. గడి ఖాళీగా వదిలితే ఒక తప్పు, వేరేవాడి లెక్కలో నింపితే ఇంకో తప్పు.

ఇప్పుడు జపాన్ ఆడితే నేను సహజీవనం విధానం ఎంచుకుంటున్నాను. తిరుగుబాట్లు ఉండవు, ఎవరినీ చంపక్కర్లేదు. అంకె మాత్రం వెయ్యి దాకా పెరుగుతూనే ఉంటుంది. ఆ రోజు ముక్క పూర్తిగా నా ప్రావిన్సుగా మారుతుంది. అణచివేతతో ఎలా మారిందో అలాగే.

*

ఇదంతా రాయడానికి కూర్చున్నది నిజానికి గేమ్ వల్ల కాదు.

మా తాతయ్య అరవైల్లో కృష్ణా జిల్లా నుంచి ఖమ్మం ఏజెన్సీకి వెళ్ళాడు. సొంతూళ్ళో అన్నదమ్ముల పంపకాల్లో ఆయనకి వచ్చింది గట్లు పోతే మిగలని ముక్క. అక్కడికి పోయి ఐదెకరాలు సంపాదించాడు. గిరిజనుల నేల గిరిజనేతరుల చేతికి పోకుండా 1970లో బిగించిన 1/70 చట్టం పేరు మా ఇంట్లో నేను చిన్నప్పటి నుంచీ ఒక తిట్టులాగే విన్నాను. నా ఇంజినీరింగ్ ఫీజులు నాలుగేళ్ళూ ఆ పొలం కౌలు డబ్బుల్లోంచే వచ్చాయి.

జపాన్ నుంచి వచ్చాక ఒక ఆదివారం నాయనమ్మకి ఫోన్ చేశాను. ఎనభై దాటింది కానీ జ్ఞాపకం గట్టిది.

"మీరు వెళ్ళినప్పుడు అక్కడ ఏముండేది నాయనమ్మా?"

"ఏముంటది నాన్నా, అంతా అడివే. ఖాళీ జాగా. మీ తాత పొదలు కొట్టించి, మోళ్ళు పీకించి సాగులోకి తెచ్చాడు. ఎన్ని జొరాలు పడ్డామో."

"అసలెవరూ లేరా?"

"ఎవరున్నారు? ఎవరూ లేరు. కోయోళ్ళు ఉండేవాళ్ళు, అంతే."

ఆ వాక్యం ఆవిడ మామూలుగా అంది. నేను ఫోన్ పట్టుకుని కాసేపు ఊరుకున్నాను.

"మరి పొదలు కొట్టింది ఎవరు?"

"వాళ్ళే. కూలికి వచ్చేవాళ్ళు."

మా తాతయ్య మత్సుమయే కాదు. ఆయన వెనక సైన్యం లేదు, శాఖ లేదు. మలేరియాతో రెండుసార్లు చావు దాకా పోయి వచ్చిన బక్క రైతు. హొక్కైదోకి పోయిన జపనీస్ రైతుల్లోనూ సొంతూళ్ళో నేల లేనివాళ్ళు ఎంతోమంది ఉన్నారు. ఈ రెండు కథలూ ఒకటేనని నేను అనను. ఒక పెద్ద రాజ్యం చేసినదాన్ని తెచ్చి ఒక మనిషి నెత్తిన పెట్టడం అన్యాయం. కానీ 'ఎవరూ లేరు, వాళ్ళు ఉండేవాళ్ళు' అనే వాక్యాన్ని నేను అంతకుముందు ఒక చోట చూశాను. ఆ ఫైల్లో అది ఆరు లైన్లలో ఉంది, నాయనమ్మ ఒక్క లైన్లో చెప్పేసింది.

ఆ పొలానికి ముందు ఎవరిదని పేరుండేదో గుర్తుందా అని అడిగాను. చాలాసేపు ఆలోచించింది. మనుషుల పేర్లు గుర్తు రాలేదంది. పక్కన పారే వాగు పేరు మాత్రం వాళ్ళు పెట్టిందేనట, మనవాళ్ళూ ఇప్పటికీ అదే అంటారట.

పాస్‌బుక్ మా నాన్న దగ్గర ఉంది. పోయినసారి ఇంటికి వెళ్ళినప్పుడు తీసి చూశాను. అందులో ఓనర్ కాలమ్ నిండి ఉంది.